బుడగల సీసా: ఆయాసంతో వచ్చిన పది వారాల పసివాడి కేసు

రోగి పది వారాల మగశిశువు. 35 వారాలకే పుట్టాడు. పుట్టినప్పుడు 2.1 కిలోలు, మా జిల్లా ఆస్పత్రి పిల్లల వార్డుకు వచ్చిన రోజున 3.6 కిలోలు. వానాకాలం చివరి రోజులు. మూడు రోజులుగా జలుబు, రెండు రోజులుగా దగ్గు, ముందురోజు సాయంత్రం నుంచి పాలు సరిగా తాగడం లేదు. అంగన్‌వాడీకి వెళ్ళే నాలుగేళ్ళ అక్కకు వారం కిందట జలుబు చేసింది. ఊళ్ళో వైద్యం చేసే ఆయన ఒక యాంటీబయాటిక్ సిరప్, ఆయాసానికని సాల్బుటమాల్ సిరప్ ఇచ్చారు. తగ్గలేదు సరికదా రాత్రంతా డొక్కలెగరేస్తూనే ఉన్నాడని తల్లి చెప్పింది. తెల్లవారుజామున 108లో తీసుకొచ్చారు. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

ఊపిరి నిమిషానికి 74, గుండె 178. ముక్కుపుటాలు అదురుతున్నాయి. ప్రతి ఊపిరికీ పక్కటెముకల కింద లోతుగా గుంట పడుతోంది, ఊపిరితోపాటే తల కూడా ఊగుతోంది. స్టెతస్కోపు పెడితే రెండు వైపులా పిల్లికూతలు, సన్నని చిటపటలు. పాదానికి చుట్టిన పల్స్ ఆక్సీమీటర్ 83 చూపించింది. పరీక్షిస్తుండగానే ఒకసారి ఊపిరి దాదాపు 15 సెకన్లు ఆగి, మళ్ళీ అందుకున్నాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఈ ఆగడమే అన్నిటికంటే భయపెట్టే లక్షణం.

జలుబుతో మొదలై, రెండేళ్ళలోపు పిల్లల్లో సన్నని శ్వాసనాళికలు వాచి, శ్లేష్మంతో, రాలిన కణాలతో పూడుకుపోవడమే బ్రాంకియోలైటిస్. ఎక్కువసార్లు దీనికి కారణం ఆర్‌ఎస్‌వీ అనే వైరస్. గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే నిరోధం రెట్టింపు కాదు, పదహారు రెట్లు అవుతుంది. పెద్దవాళ్ళకు రెండు రోజుల ముక్కు కారుడుగా పోయే వైరస్ ఇలాంటి పసివాడిని అంబులెన్సు ఎక్కించడానికి కారణం ఈ లెక్కే. ప్రపంచవ్యాప్తంగా 2019లో ఐదేళ్ళలోపు పిల్లల్లో లక్షకు పైగా మరణాలు ఆర్‌ఎస్‌వీ వల్లేనని అంచనా. వాటిలో నూటికి 97 పేద, మధ్యాదాయ దేశాల్లోవే.

ఆక్సీమీటర్ అంకె

83 అన్నప్పుడు చర్చ లేదు, ఆక్సిజన్ పెట్టాల్సిందే. 91, 92 అన్నప్పుడే చిక్కంతా. ఈ పరికరం పుట్టుక తెలిస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది, గుడ్డినమ్మకం తగ్గుతుంది. జపాన్‌లోని నిహోన్ కోడెన్ కంపెనీలో తకువో అయోయాగి అనే ఇంజనీరు 1970ల మొదట్లో చెవికి కాంతి పంపి, రక్తంలో కలిపిన రంగును బట్టి గుండె ఎంత రక్తం పంపుతోందో కొలవాలని చూస్తున్నారు. నాడి కొట్టుకున్నప్పుడల్లా కొలత అటూ ఇటూ ఊగి పని చెడగొట్టేది. ఆ ఊగిసలాటను వదిలించుకోబోయి, అందులోనే ధమని రక్తం జాడ ఉందని ఆయన గ్రహించారు. ఎర్ర కాంతిలోనూ పరారుణ కాంతిలోనూ ఆ ఊగిసలాటల నిష్పత్తి చూస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం తెలుస్తుంది. ఈ పద్ధతిని 1974లో వెల్లడించారు.

అంకె చూసి మనం ఏం చేస్తామన్నది వేరే కథ. టొరంటోలో 213 మంది బ్రాంకియోలైటిస్ శిశువులతో ఒక ప్రయోగం చేశారు. సగం మందికి ఆక్సీమీటర్ అసలు అంకె చూపించింది, మిగతా సగానికి మూడు పాయింట్లు ఎక్కువ చేసి చూపించింది. అసలు అంకె కనిపించిన వారిలో 41 శాతం ఆస్పత్రిలో చేరారు, పెంచిన అంకె కనిపించిన వారిలో 25 శాతమే. తక్కువగా చేర్చుకున్నందుకు ఆ పిల్లలు తర్వాత ఎక్కువసార్లు పరుగెత్తుకుని రావాల్సిన పరిస్థితీ రాలేదు. బ్రిటన్‌లో 615 మంది శిశువులతో చేసిన మరో అధ్యయనంలో 94కు బదులు 90ని హద్దుగా పెట్టుకున్నా దగ్గు తగ్గడానికి పట్టిన సమయం మారలేదు. రెండు బృందాల్లోనూ 15 రోజులే. అందుకే మా వార్డులో 90 దాటి, పాలు తాగుతూ, డొక్కలు పెద్దగా ఎగరని బిడ్డ ముక్కుకు గొట్టం తగిలించము. ముదురు రంగు చర్మం మీద ఆక్సీమీటర్ ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపే అవకాశం ఉందన్నదీ గుర్తుంచుకోవాలి. కాబట్టి అంకె ఒక్కటే చూసి ఇంటికి పంపడమూ ఉండదు. మన పిల్లల విషయంలో ఈ రెండో జాగ్రత్తను మనవాళ్ళు తక్కువగా మాట్లాడుకుంటారు.

ఈ బిడ్డకు ముక్కులో చిన్న గొట్టాలు పెట్టి నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ ఇచ్చాం. అంకె 91కి వచ్చింది. కానీ ఊపిరి 70 దగ్గరే ఉంది, డొక్కల ఎగరేత తగ్గలేదు. రక్త వాయువుల పరీక్షలో పీహెచ్ 7.27, కార్బన్ డయాక్సైడ్ పీడనం 58. ఆక్సిజన్ అందుతున్నా బిడ్డ అలసిపోతున్నాడని అర్థం.

ఏమేమి ఇవ్వలేదు

సాల్బుటమాల్ ఆపేశాం. ఈ వయసులో ఈ జబ్బులో నాళాలు మూసుకుపోయేది కండరాలు బిగుసుకోవడం వల్ల కాదు, వాపూ శ్లేష్మమూ పూడ్చేయడం వల్ల. బిగుసుకున్న కండరాలను సడలించే ఆ మందుకు అక్కడ పని లేదు. స్టెరాయిడ్లు ఇవ్వలేదు. ఛాతీ తట్టించలేదు. ఆర్‌ఎస్‌వీ మీద పనిచేసే మందుగా 1980లలో రిబావిరిన్ ఆవిరి వచ్చింది. ఖరీదు ఎక్కువ, పట్టే సమయం ఎక్కువ, లాభం సందేహాస్పదం, పైగా గర్భిణులైన నర్సులు ఆ గదిలోకి వెళ్ళకూడదు. మామూలు శిశువులకు దాన్ని ఇప్పుడు వాడరు.

వచ్చేటప్పుడు తీసిన ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగా ఉబ్బి ఉన్నాయి, కుడి పైభాగంలో ఒక తెల్లటి మచ్చ ఉంది. ఈ జబ్బులో శ్లేష్మం అడ్డుపడి ఊపిరితిత్తి ముక్క ముడుచుకుపోయినా అలాగే కనిపిస్తుంది. అది న్యుమోనియా అనుకుని నూటికి తొంభై మంది యాంటీబయాటిక్ మొదలుపెడతారు. నెలలు నిండని బిడ్డ, ఊపిరి ఆగుతోంది కనుక మేమూ మొదలుపెట్టాం. రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షకు రక్తం తీశాకే మొదటి డోసు ఇచ్చాం. 48 గంటలకు తిరిగి చూసుకుంటామని కేస్ షీటులో పెద్దక్షరాలతో రాశాం.

సీసా

వెచ్చని తడి ఆక్సిజన్‌ను ముక్కులోకి వేగంగా పంపే హై ఫ్లో యంత్రం మా వార్డులో ఒకటే ఉంది. ఆరోజు అది ఇంకో బిడ్డ దగ్గర నడుస్తోంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 1,472 మంది శిశువులపై చేసిన అధ్యయనంలో మామూలు ఆక్సిజన్‌తో 23 శాతం మందికి, హై ఫ్లోతో 12 శాతం మందికే వైద్యం పై మెట్టుకు పెంచాల్సి వచ్చింది. మంచి యంత్రమే. కానీ ఒక్కో బిడ్డకు మార్చాల్సిన గొట్టాల ధర చూస్తే జిల్లా ఆస్పత్రి స్టోర్స్ గుమాస్తా ముఖం మాడుతుంది. పైగా ఊపిరి ఆగుతూ, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్న ఈ బిడ్డకు నాకు కావాల్సింది నమ్మకమైన పీడనం. బబుల్ సీప్యాప్, అంటే ఆగకుండా పీడనం ఇచ్చే బుడగల సీసా, పెట్టాం.

పరికరం చూడటానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది. గాలీ ఆక్సిజనూ కలిపి, తడిపి, వెచ్చబరచి బిడ్డ ముక్కులోకి పంపుతాం. బిడ్డ వదిలిన గాలి వెళ్ళే గొట్టం చివర ఒక నీళ్ళ సీసాలో మునిగి ఉంటుంది. గొట్టం నీళ్ళలో 5 సెంటీమీటర్ల లోతున ఉంటే ఊపిరితిత్తుల్లో ఎప్పుడూ 5 సెంటీమీటర్ల నీటి పీడనం నిలిచి ఉంటుంది. ఊపిరి వదిలినప్పుడు ఆ సన్నని నాళాలు పూర్తిగా అంటుకుపోకుండా ఇది ఆపుతుంది, తలుపు సందులో చెప్పు పెట్టినట్టు. తెరుచుకుని ఉన్న నాళంలోకి గాలి లాక్కోవడానికి బిడ్డ పెట్టే శ్రమ తగ్గుతుంది. సీసాలో బుడగలు అందుకే.

ఆగకుండా పీడనం ఇచ్చే ఈ పద్ధతిని, నెలలు నిండక ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోని జబ్బుతో ఉన్న పిల్లల్లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ జార్జ్ గ్రెగరీ మొదలుపెట్టారు. 1971లో ప్రచురించిన నివేదికలో 20 మంది శిశువుల్లో 16 మంది బతికారు. ఆ రోజుల్లో ఆ జబ్బుతో అంతమంది బతకడం పెద్ద వార్త. చిన్న ముక్కు గొట్టాలు, నీళ్ళ సీసాతో దాన్ని రోజువారీ వైద్యంగా మార్చినవారు న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలోని జెన్ టియెన్ వుంగ్.

మా బిడ్డకు నిమిషానికి 6 లీటర్ల ప్రవాహం, 40 శాతం ఆక్సిజన్, లోతు 5 సెంటీమీటర్లు పెట్టాం. ముక్కు గొట్టాల సైజు విషయంలో సిస్టర్లతో నేను ఎప్పుడూ పేచీ పడతాను. చిన్నవి పెడితే పక్కల నుంచి గాలి పోతుంది, బుడగలు ఆగిపోతాయి. పెద్దవి పెడితే రెండు ముక్కుల మధ్య గోడ ఒరిసి పుండవుతుంది. అందుకని ముందే పలుచని జెల్ పట్టీ అంటించి, గొట్టాల మొదలుకూ ఆ గోడకూ మధ్య కొంచెం ఖాళీ ఉండేలా టోపీకి కట్టాం. నోటి గుండా కడుపులోకి ఒక గొట్టం వేసి దాని మూత తెరిచి ఉంచాం. లేకపోతే గాలి కడుపులో చేరి పొట్ట ఉబ్బి, ఊపిరికే అడ్డం వస్తుంది.

బిడ్డ అమ్మమ్మ చాలాసేపు చూసి అడిగింది: "సూది మందు ఏదీ వేయరా డాక్టరమ్మా? ఊరికే నీళ్ళలో గాలి ఊదుతున్నారు."

"ఇప్పటికి ఆ గాలే మందు, పెద్దమ్మా," అన్నాను. ఆమెకు నచ్చలేదు. సెలైన్ సీసా వేలాడుతోంది కాబట్టి సర్దుకుంది. ఆ సెలైన్‌ కూడా మామూలు అవసరంలో మూడింట రెండు వంతులే ఇస్తున్నాం. ఈ జబ్బులో శరీరం నీటిని పట్టేసుకుంటుంది, ఎక్కువిస్తే సోడియం పడిపోతుంది.

గంటకు ఊపిరి 60కి దిగింది. తల ఊగడం ఆగింది. ఆక్సిజన్ 30 శాతానికి తగ్గించగలిగాం. ఊపిరి మళ్ళీ ఆగలేదు.

రాత్రి

అర్ధరాత్రి దాటాక ఫోను వచ్చింది. ఊపిరి మళ్ళీ 72, పొట్ట ఉబ్బుగా ఉంది, బిడ్డ చికాకు పడుతున్నాడు, ఆక్సిజన్ 45కి పెంచాల్సి వచ్చింది. నేను వెళ్ళేసరికి హౌస్ సర్జన్ వెంటిలేటర్‌కు సామగ్రి సర్దుతున్నాడు. "బుడగలు బాగానే వస్తున్నాయి మేడమ్, సీప్యాప్ ఇక చాలడం లేదు," అన్నాడు. నిజమే, బుడగలు వస్తున్నాయి. కాకపోతే ఎడతెగకుండా రావడం లేదు. ఒక్కసారిగా గుప్పుమని వచ్చి ఆగి, మళ్ళీ గుప్పుమంటున్నాయి.

పక్క బిడ్డకు పాలు పడుతున్న సిస్టర్ తల తిప్పకుండానే, "డాక్టరుగారూ, ఆ తెల్ల గొట్టం ఒకసారి పైకెత్తండి," అంది. బిడ్డకూ సీసాకూ మధ్య గొట్టం మంచం అంచున కిందికి వేలాడి వంపు తిరిగి ఉంది. ఎత్తగానే లోపల నీళ్ళు గలగలమన్నాయి. ఏసీ గదిలో వెచ్చని తడిగాలి చల్లబడి నీరుగా మారి ఆ వంపులో నిలిచింది. గాలి సీసాలోకి చేరాలంటే ముందు ఆ నీటిని తోసుకుని రావాలి. వంపులో 4 సెంటీమీటర్ల మేర నీరు నిలిస్తే, సీసాలో 5 అని కనిపిస్తున్నా బిడ్డ ముక్కు దగ్గర దాదాపు 9 ఉంటుంది. అప్పటికే ఉబ్బి ఉన్న ఊపిరితిత్తులు ఇంకా ఉబ్బి, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, పొట్టలోకి గాలి దూరి, బిడ్డ తల్లడిల్లుతాడు. గొట్టంలో చేరే ఈ నీరు పీడనాన్ని పెంచుతుందని ప్రయోగశాలలో కొలిచి చూపినవారూ ఉన్నారు. కానీ పాఠ్యపుస్తకం చదివిన వాడికంటే బకెట్‌లో ఆ నీరు పారబోసే చేతికి ఇది ముందు తడుతుంది.

నీరు ఒంపేశాం. కడుపు గొట్టంలో శ్లేష్మం అడ్డుపడితే తీశాం. అరగంటలో ఊపిరి 62. వెంటిలేటర్ ట్రే మూసి పక్కన పెట్టాం.

బుడగ చెప్పేది ఒక్కటే: గొట్టం చివరి నుంచి గాలి బయటికి వస్తోందని. ముక్కు దగ్గర ఎంత పీడనం ఉందో అది చెప్పదు. ఆ రాత్రి తర్వాత మా వార్డు చార్టులో గంటగంటకూ నింపాల్సిన గడులు పెరిగాయి: సీసాలో నీటి మట్టం, గొట్టం లోతు, గొట్టంలో నీరు ఒంపారా, ముక్కు గోడ ఎలా ఉంది, పొట్ట ఎలా ఉంది. గొట్టాన్ని బిడ్డ నుంచి సీసా వైపు వాలుగా ఉండేలా మంచానికి కట్టేస్తున్నాం. సీసా మీద మట్టం గుర్తుకు ప్లాస్టరు అంటిస్తున్నాం, నీరు ఆవిరైనా తెలుస్తుంది, గొట్టం నుంచి నీరు చేరినా తెలుస్తుంది.

ఢాకా, సలీమా

ఈ సీసా గురించి మాట్లాడినప్పుడల్లా ఢాకా పేరు వస్తుంది. అక్కడి అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రం ఐసీడీడీఆర్‌బీ ఆస్పత్రిలో డాక్టర్ మొహమ్మద్ జొబాయెర్ చిస్తీ ఖాళీ షాంపూ సీసాతో బబుల్ సీప్యాప్ తయారు చేశారు. తీవ్ర న్యుమోనియా, ఆక్సిజన్ లోటు ఉన్న 225 మంది పిల్లలను మూడు బృందాలు చేసి జరిపిన అధ్యయనం 2015లో వచ్చింది. మామూలు ఆక్సిజన్ ఇచ్చిన 67 మందిలో 10 మంది చనిపోగా, బబుల్ సీప్యాప్ ఇచ్చిన 79 మందిలో ముగ్గురే చనిపోయారు. తేడా అంత స్పష్టంగా కనిపించడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. పత్రికలు షాంపూ సీసాను పట్టుకున్నాయి. తక్కువ ధర, పెద్ద ఫలితం. శీర్షికకు అంతకంటే ఏం కావాలి?

ఆఫ్రికాలోని మలావీలో సలీమా జిల్లా ఆస్పత్రి గురించి అంతగా ఎవరూ రాయలేదు. అక్కడ తీవ్ర న్యుమోనియాతో పాటు హెచ్‌ఐవీ ముప్పో, తీవ్ర పోషకాహార లోపమో, ఆక్సిజన్ లోటో ఉన్న పిల్లలకు ఇదే సూత్రంతో సీప్యాప్ ఇచ్చారు. రోజూ వచ్చి చూసే డాక్టరు లేరు. నర్సులు, వైద్య సహాయకులే నడిపారు. 2019లో ఫలితాలు వచ్చాయి. మామూలు ఆక్సిజన్ ఇచ్చిన 323 మందిలో 35 మంది, సీప్యాప్ ఇచ్చిన 321 మందిలో 53 మంది చనిపోయారు. పదకొండు శాతానికి బదులు పదిహేడు. ఈ అధ్యయనాన్నీ ముందే ఆపాల్సి వచ్చింది, తిరగబడిన కారణంతో.

రెండు చోట్లా పిల్లలు ఒకలాంటి వారు కారు, కాబట్టి తేడా మొత్తాన్నీ డాక్టరు లేకపోవడానికే అంటగట్టలేం. కానీ ఢాకాలో పగలూ రాత్రీ శిక్షణ పొందిన వైద్యులు, నర్సులు మంచం పక్కన ఉన్నారు. సీసా ఖరీదు లెక్కగట్టినప్పుడు ఆ జీతాలు కలపకపోతే లెక్క తప్పు. ఉపకరణాల కోసం ఇండెంట్ రాసిన ప్రతిసారీ నేను రాత్రి డ్యూటీకి ఇంకో సిస్టర్‌ను కూడా అడుగుతాను. మొదటిది అప్పుడప్పుడు వస్తుంది. ఆ రాత్రి సిస్టర్ పక్కనే లేకపోయి ఉంటే ఈ బిడ్డ గొంతులోకి గొట్టం దిగేది, అది దిగాక వచ్చే ఇన్ఫెక్షన్ల కథ మరోటి రాయాల్సి వచ్చేది.

పరీక్ష వల్ల ఏం మారింది

ముక్కు స్రావాన్ని వైద్య కళాశాల వైరాలజీ ల్యాబుకు పంపాం. రెండో రోజు ఆర్‌టీ పీసీఆర్‌లో ఆర్‌ఎస్‌వీ తేలింది. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. యాంటీబయాటిక్ ఆపాం. బిడ్డకు ఇస్తున్న మిగతా వైద్యంలో ఆ కాగితం వల్ల మారింది ఏమీ లేదు. వార్డులో మాత్రం చాలా మారింది. ఆర్‌ఎస్‌వీ ఉన్న పిల్లల మంచాలు ఒక మూలకు చేర్చాం. గుండెజబ్బుతో పక్క మంచంలో ఉన్న పాపను దూరంగా జరిపాం.

ఎంత దూరం, ఏం కడగాలి అన్నదానికి అమెరికాలోని రోచెస్టర్‌లో డాక్టర్ కరోలిన్ హాల్ 1981లో ప్రచురించిన చిన్న అధ్యయనం నాకు చాలా ఇష్టం. ఆర్‌ఎస్‌వీ ఉన్న శిశువులను ఎత్తుకుని ఆడించిన ఏడుగురిలో ఐదుగురికి అంటుకుంది. బిడ్డను తాకకుండా ఆ మంచాన్నీ వస్తువులనూ ముట్టుకుని తమ ముక్కూ కళ్ళూ తాకిన పదిమందిలో నలుగురికి అంటుకుంది. ఆరడుగుల దూరంలో ఊరికే కూర్చున్న 14 మందిలో ఒక్కరికీ అంటలేదు. మా వార్డులో మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కోకుండా ఒక బిడ్డ దగ్గర నుంచి ఇంకో బిడ్డ దగ్గరికి వెళ్ళే డాక్టర్లకు నేను ఈ అంకెలు అప్పజెబుతుంటాను.

చేరిన మూడో రోజుకు ఆక్సిజన్ 21 శాతానికి, అంటే మామూలు గాలికి దిగింది. కడుపు గొట్టం ద్వారా రెండు గంటలకోసారి పిండిన తల్లిపాలు మొదలుపెట్టాం. నాలుగో రోజు సీప్యాప్ తీసి ముక్కు గొట్టాలకు మార్చాం, ఐదో రోజు తల్లి పాలు పట్టింది, ఏడో రోజు ఇంటికి పంపాం. ముక్కు గోడ మీద కొంచెం ఎరుపు మిగిలింది. దగ్గు రెండు మూడు వారాలు ఉంటుందని, దానికి సిరప్ కొనవద్దని చెప్పాం.

అసలు రాకుండా

ఈ వైరస్‌ను 1956లో అమెరికాలో జలుబు చేసిన చింపాంజీల్లో కనుగొన్నారు. మరుసటి ఏడాదే రాబర్ట్ చానాక్ బృందం పసిపిల్లల్లో దీన్ని చూసింది. 1960ల మధ్యలో ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌తో టీకా చేశారు. ఆ టీకా పడి తర్వాత ఆర్‌ఎస్‌వీ సోకిన పిల్లల్లో 80 శాతం ఆస్పత్రిలో చేరారు, పోల్చి చూసిన పిల్లల్లో 5 శాతమే. ఇద్దరు పసివాళ్ళు చనిపోయారు. దాంతో దశాబ్దాల పాటు ఎవరూ ముందుకు రాలేదు. వైరస్ కణంలోకి దూరక ముందు, దూరడానికి అది వాడే ఎఫ్ ప్రోటీన్ ఒక రూపంలో, దూరాక మరో రూపంలో ఉంటుంది. మంచి యాంటీబాడీలు పట్టుకునేది ముందు రూపాన్ని. చంపిన టీకాలో ఆ రూపం చెడిపోయింది. 2013లో జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహమ్‌ల బృందం ఆ ముందు రూపాన్ని బంధించి నిలపగలిగింది. పదేళ్ళకు, 2023లో, టీకాలు అనుమతి పొందాయి. వాటిలో ఒకటి గర్భిణులకు వేసేది.

శిశువుకే నేరుగా ఇచ్చే యాంటీబాడీ పాలివిజుమాబ్ 1998లో వచ్చింది. సీజన్ అంతా నెలనెలా పొడవాల్సి వచ్చేది, ధర మామూలు కుటుంబం మోయలేనిది. తర్వాత వచ్చిన నిర్సెవిమాబ్ శరీరంలో ఎక్కువ కాలం నిలిచేలా మార్చిన యాంటీబాడీ, సీజన్‌కు ఒక్క సూది చాలు. పెద్ద అధ్యయనంలో డాక్టరును చూడాల్సి వచ్చిన ఆర్‌ఎస్‌వీ ఊపిరితిత్తుల జబ్బును 74.5 శాతం తగ్గించింది.

ఈ బిడ్డ విషయంలో రెండింటిలో నేను యాంటీబాడీకే ఓటు వేస్తాను. తల్లికి టీకా వేశాక రక్షణ బిడ్డకు చేరడానికి కనీసం రెండు వారాలు కావాలి. 35 వారాలకే కాన్పైతే ఆ వ్యవధి దొరుకుతుందన్న హామీ లేదు. అలాంటి పిల్లలకే ఈ జబ్బు ఎక్కువ ప్రమాదం. మా స్టోర్స్‌లో ఈ రెండూ లేవు. ఉన్నదల్లా నవజాత శిశు విభాగం రిజిస్టరు. అందులోంచి వానలకు ముందు ఆరు నెలల్లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల పేర్లు తీసి ఆశా కార్యకర్తలకు ఇస్తున్నాం. ఇంట్లో పెద్దపిల్లకు జలుబు చేస్తే బిడ్డను ముద్దాడనివ్వవద్దని, బిడ్డ పాలు సగానికి తగ్గించినా, డొక్కలెగరేసినా రాత్రి గడవనివ్వకుండా తీసుకురమ్మని వాళ్ళు ఇంటింటికీ చెబుతున్నారు.

ఆరు వారాల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు బిడ్డ 4.7 కిలోలు. మధ్యలో ఒకసారి మళ్ళీ జలుబు చేసి పిల్లికూతలు వినిపించాయట, రెండు రోజుల్లో తగ్గాయి. ఆర్‌ఎస్‌వీతో ఆస్పత్రి పాలైన పిల్లల్లో కొన్నేళ్ళపాటు ఇలా వస్తూ పోతూ ఉండటం మామూలే. ఇన్‌హేలర్ రాయలేదు.